నల్లమల చెంచుల చరిత్రకారుడు హైమన్‌డార్ఫ్

మార్కాపురమునుండి దోర్నాల మీదుగా శ్రీశైలమునకు పోవు దారి నల్లమల అడవులలోనికి చొచ్చుకొని పోవును. బస్సులు లేని కాలమున శివరాత్రికి బయలుదేరిన యాత్రికులు కాలినడకనే కొండలెక్కి మల్లికార్జునుని సన్నిధికి చేరెడివారు. వారికి దారి చూపినవారు, రాత్రివేళ కాపున్నవారు, లోయలు దాటించినవారు చెంచులు. యాత్ర ముగించుకొని ఇల్లు చేరిన భక్తుడు గుడిగోపురములను గూర్చి, పాతాళగంగను గూర్చి, పులిభయమును గూర్చి ఊరివారికి కథలు కథలుగా చెప్పెడివాడు. కాని తనకు దారి చూపిన మనిషి ఏమి తినునో, ఏ దేవతకు మ్రొక్కునో, పెండ్లి ఎట్లు చేసికొనునో ఆతడు చెప్పలేదు. ఆ సంగతులు అడుగదగినవని ఆతనికి తోచలేదు.

ఆ ప్రశ్నలను ఓపికతో అడిగి, చెంచుల గుడిసెల ముంగిట నెలల తరబడి కూర్చుండి, విన్నదియు కన్నదియు ఒక సమగ్ర గ్రంథముగా రచించినవాడు ఆస్ట్రియా దేశమునుండి వచ్చిన పండితుడు. ఆయన పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. తెలుగునాట ఆయనను హైమన్‌డార్ఫ్ అనియే వ్యవహరింతురు. చెంచులు, కొండరెడ్లు, గోండులు అను మూడు జాతుల జీవితమును లోకమునకు తెలిపినవాడుగా ఆయన ప్రసిద్ధుడు. ఐతే ఆయన జీవితమునుండి ఉపాధ్యాయులును విద్యార్థులును గ్రహింపదగిన విశేషము మరియొకటి కలదు. ఒక జనమును గూర్చి పుస్తకము వ్రాయుటతో పండితుని పని ముగియదనియు, ఆ జనము చేతికి అక్షరమును, కాలి క్రిందికి భూమియు అందినప్పుడే ఆ పుస్తకమునకు సార్థకత కలుగుననియు ఆయన క్రమక్రమముగా తెలిసికొనెను. ఆ తెలివిడి ఎట్లు కలిగినదో చెప్పునదే ఆయన కథ.

మానవశాస్త్రము

మనుష్యులు ఏయే తావుల ఏయే రీతుల బ్రదుకుచున్నారో, వారి బంధుత్వములు, ఆచారములు, నమ్మకములు, వృత్తులు ఎట్టివో పరిశీలించు విద్యకు మానవశాస్త్రమని పేరు. పంతొమ్మిదవ శతాబ్దమున ఈ శాస్త్రము చాలవరకు కొలతల శాస్త్రముగా ఉండెను. మద్రాసు మ్యూజియమునకు అధ్యక్షుడుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణదేశపు ప్రజల తలలను, ముక్కులను పరికరములతో కొలిపించి, ఆ అంకెలతో జాతుల తారతమ్యములను తేల్పవచ్చునని నమ్మెను. రంగాచారి సహాయమున ఆయన ప్రకటించిన దక్షిణదేశపు కులముల, తెగల వివరణగ్రంథము ఏడు సంపుటములుగా 1909లో వెలువడెను. నల్లమల చెంచుల ముచ్చటయు అందు కలదు. విలువైన సంగతులు ఎన్నియో ఉన్న గ్రంథమే అది. కాని ముక్కు కొలిచినంత మాత్రమున మనిషి మనసు తెలియదు గదా!

ఆ గ్రంథము వెలువడిన 1909వ సంవత్సరముననే, జూన్ 22వ తేదీన, వియన్నా నగరమున హైమన్‌డార్ఫ్ ఒక కులీన కుటుంబమున జన్మించెను. బాల్యమున ఆయనకు భారతదేశముపై ఆసక్తి కల్పించినవి రవీంద్రనాథ ఠాగూరు రచనలు. వియన్నా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రమును, పురాతత్త్వమును అభ్యసించి, ఆగ్నేయాసియా సంస్కృతులలో నిష్ణాతుడైన రాబర్ట్ హైనె గెల్డర్న్ ప్రభావమునకు లోనై, అస్సాము, వాయవ్య బర్మా కొండజాతుల సంఘవ్యవస్థపై సిద్ధాంతవ్యాసము వ్రాసి 1931లో డాక్టరు పట్టమును పొందెను. అంతవరకు ఆయన ఆ కొండలను గాని, ఆ మనుష్యులను గాని చూచి ఎరుగడు. ఆ పాండిత్యమంతయు గ్రంథాలయమున సంపాదించినదే.

తరువాత రాక్‌ఫెల్లర్ సంస్థవారి పారితోషికముతో లండను చేరి, బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ అను ఆచార్యుని గోష్ఠిలో పాల్గొనెను. పసిఫిక్ మహాసముద్రపు ట్రోబ్రియాండ్ ద్వీపములలో ప్రజల నడుమ నివసించి, వారి భాషను నేర్చి, వారి నిత్యజీవితమును దగ్గరనుండి పరిశీలించి గ్రంథములు రచించినవాడు మాలినోవ్‌స్కీ. దూరమునుండి కొలుచుట కాదు, దగ్గర కూర్చుండి వినుట అసలైన పరిశోధన అన్నది ఆ గోష్ఠి నేర్పిన పాఠము. హైమన్‌డార్ఫ్ జీవితమును తీర్చినది ఆ పాఠమే.

నాగకొండలనుండి నల్లమలకు

1936లో ఆయన భారతదేశమునకు వచ్చి నాగకొండలలో ప్రవేశించెను. అచ్చట కొన్యాకు నాగుల నడుమ వాక్‌చింగ్ గ్రామమున నివసించి, వారి పంటలను, పండుగలను, వైరములను, పాటలను ఎరిగెను. నాగకొండల ప్రభుత్వాధికారియు, స్వయముగా నాగుల చరిత్ర వ్రాసిన పండితుడును ఐన జె. పి. మిల్స్ ఆయనకు తోడ్పడెను. ఆ అనుభవములపై ఆయన వ్రాసిన నాగుల పుస్తకము 1939లో ఇంగ్లీషున వెలువడెను. అది పండితుల కొరకే వ్రాసిన శాస్త్రగ్రంథము కాదు. ఏ శాస్త్రమును చదువని పాఠకుడును ఆసక్తితో చదువదగిన యాత్రాకథనము. శాస్త్రము సామాన్యుని ఇంటికి పోవలెనన్నచో కథవలె నడువవలెనన్న రహస్యము ఆయనకు తొలినుండియు తెలియును. ఎచ్చట పనిచేసినను, పండితులకు ఒక గ్రంథము, ప్రభుత్వమునకు ఒక నివేదిక, సామాన్య పాఠకునకు ఛాయాచిత్రములతో కూడిన సరళ రచన, తరువాతి కాలమున చలనచిత్రము, ఇట్లు పలు రూపములలో తన పరిశీలనలను వెల్లడించుట ఆయనకు అలవాటయ్యెను.

1938లో ఆయన బెట్టీ ఎలిజబెత్ బర్నార్డో అను ఆంగ్లవనితను వివాహమాడెను. ఆమె భర్తవెంట అడవులకు వచ్చుటతో తృప్తిపడక, పరిశోధనలో సగపాలు పంచుకొనెను. స్త్రీలతో కలసిమెలసి మాటలాడుటకును, ఇండ్లలోని సంగతులను తెలిసికొనుటకును ఆమెకు గల అవకాశము భర్తకు లేదు. తరువాతి గ్రంథములలో ఆమె సహకారమును ముఖపత్రముననే ఆయన అంగీకరించెను.

దంపతులు 1939లో మరల భారతదేశమునకు వచ్చునప్పటికి రెండవ ప్రపంచయుద్ధము మొదలయ్యెను. 1938లోనే ఆస్ట్రియాను హిట్లరు జర్మనీలో కలుపుకొనెను గాన, హైమన్‌డార్ఫ్ చేతిలోని ప్రయాణపత్రము శత్రుదేశమునకు చెందినదయ్యెను. మిత్రులైన ఆంగ్లాధికారుల పూనికవలన ఆయనకు నిర్బంధశిబిరము తప్పెను గాని, నిజాము రాజ్యపు ఎల్లలు దాటరాదను కట్టడి మాత్రము తప్పలేదు. నాగకొండలకు పోవు దారి మూతపడెను. ఉన్నచోటనే ఏమి చేయవచ్చునని ఆయన ఆలోచించెను. హైదరాబాదునకు దక్షిణమున, కృష్ణకు ఉత్తరపు గట్టున అమరాబాదు పీఠభూమి కలదు. అచ్చట చెంచులున్నారు. శత్రుదేశీయుడన్న ముద్ర ఆయనను తెలుగువారి అడవిలోనికి పంపెను. ఆ కీడే తెలుగుదేశమునకు మేలయ్యెను.

చెంచుపెంటలలో

1940లో హైమన్‌డార్ఫ్ దంపతులు అమరాబాదు అడవులలోని చెంచుపెంటలకు చేరిరి. నివసింప గుడారము, వ్రాసికొన పుస్తకములు, ఛాయాచిత్రములు తీయు యంత్రము వారి సామగ్రి. అప్పాపురము, సార్లపల్లి, మేడిమల్కల మొదలగు పెంటలలో వారు మసలిరి. చెంచులు మాటలాడునది తెలుగే. ఐనను వారి తెలుగునకు అడవి పలుకుబడి కలదు. అపరిచితుని చూచినచో వారు మొదట మౌనము వహింతురు. పన్ను వసూలు చేయువాడో, వెట్టికి పిలుచువాడో, అడవిజవానో కావచ్చునని వారి శంక. ఏమియు అడుగక, ఏమియు తీసికొనక, ఊరక కూర్చుండి చూచు ఈ తెల్లదొర అట్టివాడు కాడని తెలిసిన పిమ్మట మాట కలిసెను.

ఆయన చూచిన చెంచుల జీవితము ఇట్టిది. వారిలో పెక్కురు సేద్యమెరుగరు. మొనకు ఇనుము తొడిగిన కోలతో అడవిగడ్డలను త్రవ్వుదురు. పండ్లు, ఆకుకూరలు, ఇప్పపూవు ఏరుకొందురు. విల్లంబులతో వేటాడుదురు. వేటగాండ్రని లోకము వారిని పిలిచినను, దినదినము కడుపు నింపునది వేటకన్న గడ్డలే అని ఆయన గమనించెను. గుండ్రని గోడలకు గోపురమువంటి గడ్డికప్పు వేసిన గుడిసెలు వారి ఇండ్లు. ఎండకాలమున నీరు ఇంకిపోగా కుటుంబములు చెదరి, చెలమల దరి ఆకుపందిళ్ళు వేసికొని కాలము గడుపును. తేనె తీయుటకు తీగలతో పేనిన త్రాటిపై కొండకొమ్మునుండి వ్రేలాడునప్పుడు పైన త్రాడు పట్టుకొను బాధ్యతను భార్యసోదరునకు అప్పగించుట చెంచులలో ప్రసిద్ధమైన ఆచారము. తన తోబుట్టువు పసుపుకుంకుమలను కాపాడుకొనువాడు త్రాటిని వదలడని వారి నమ్మకము. ఒక చిన్న ఆచారమున ఎంతటి సంఘజ్ఞానము ఇమిడియున్నదో చూపుటకు ఇంతకన్న చక్కని ఉదాహరణము దొరకదు.

ప్రతి చెంచుగుంపునకును తనదని చెప్పుకొను అడవి కలదు. ఏ గుట్ట ఎవరిదో, ఏ వాగుతో ఎవరి పొలిమేర ముగియునో కాగితము లేకయే అందరికిని తెలియును. ఐనను ఆ హక్కు ఒంటివాని సొత్తు కాదు, గుంపు అంతటిది. వివాహమైన పురుషుడు తన తండ్రి గుంపులో ఉండవచ్చును, లేదా భార్య గుంపులో చేరవచ్చును. చిగుర్ల, తోకల, కాట్రాజు మొదలగు ఇంటిపేర్లవారు తమ ఇంటిపేరివారిని పెండ్లాడరు. ఇంటిలో ఆలుమగలది సమానస్థానము. పొసగనిచో విడిపోవుటకును, మరల పెండ్లాడుటకును స్త్రీకిని అవకాశము కలదు. వేటకు పోవునప్పుడు గారెల మైసమ్మను తలచుకొని, వేట దొరికినప్పుడు ఆమె పాలు ఆమెకు అర్పింతురు. ఆకాశమున భగవంతరు అను దేవుడున్నాడని నమ్ముదురు. శ్రీశైల మల్లన్నను, అహోబల నరసింహుని తమ అల్లునిగా భావించు కథలు వారిలో వాడుకలో ఉన్నవి. చెంచులక్ష్మి కథ తెలుగువారికి అందరికిని పరిచితమే.

ఈ వివరములన్నియు గల చెంచుల గ్రంథము 1943లో ప్రచురితమయ్యెను. హైదరాబాదు రాజ్యపు ఆదిమజాతులను గూర్చిన గ్రంథమాలలో అది మొదటి సంపుటము. 1945లో కొండరెడ్లపై రెండవది, 1948లో ఆదిలాబాదు రాజగోండులపై మూడవది వెలువడెను.

కృష్ణకు ఈవలి గట్టు

నల్లమల ఒక్కటే. చెంచులు ఒక్కటే. నడుమ ప్రవహించు కృష్ణానది మాత్రము నాడు రెండు ప్రభుత్వములను వేరుచేసెను. ఉత్తరపు గట్టు నిజాము రాజ్యము, దక్షిణపు గట్టు బ్రిటిషువారి మద్రాసు రాజధాని. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు నాడు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఈ పడమటి సీమ అందు చేరెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడెను.

దక్షిణపు గట్టు చెంచుల గతి వేరు. అడవి ప్రభుత్వపు రిజర్వు అయ్యెను. కొండదారుల బాటసారులకు కాపుండి చెంచులు పుచ్చుకొను సుంకములు తగ్గెను. అడవిలో కలప, వెదురు కంట్రాక్టరుల పరమయ్యెను. అడవిలో హక్కు పోయి ఊరిలో చోటు లేని మనిషి ఆకలిచే చేసిన చిన్న తప్పునకు జాతి అంతయు బాధ్యత వహింపవలసివచ్చెను. కర్నూలు చెంచులలో కొందరిపై నేరస్థజాతుల చట్టము ప్రయోగింపబడెను. పుట్టుకతోనే మనిషిని దొంగగా లెక్కించు ఆ చట్టము 1871లో పుట్టి, స్వతంత్రము వచ్చిన పిమ్మట 1952లో దేశమంతట రద్దయ్యెను. హైమన్‌డార్ఫ్ తన గ్రంథమున కర్నూలు చెంచులను ఉత్తరపు గట్టువారితో పోల్చి చూచెను. ఒకే జాతి, ఒకే భాష, ఒకే దేవతలు ఉన్నను, పాలకుల తీరునుబట్టి బ్రదుకులు ఎట్లు మారునో ఆ పోలిక తెలుపును. మనిషి స్వభావము రక్తమున వ్రాసియుండదు, బ్రదుకు పరిస్థితులు దానిని తీర్చును. నాటి చట్టము మరచిన సత్యము ఇదియే.

ఇచ్చట పరిశోధకునకు ఒక పరీక్ష ఎదురయ్యెను. తాను చూచినదానిని గ్రంథముగా వ్రాసి ఊరకుండవలెనా? లేక ఆ బ్రదుకులను కాపాడుటకు ఏమైన చేయవలెనా? శాస్త్రజ్ఞుడు చూచువాడే గాని కలుగజేసికొనరాదని నాడు పలువురి మతము. హైమన్‌డార్ఫ్ ఆ గీతను దాటెను. చెంచులకు అడవిలో గల హక్కులను గుర్తింపవలెనని నిజాము ప్రభుత్వమునకు నివేదించెను. ఆ నివేదికకు ఫలముగా 1940ల తొలినాళ్ళలో అమరాబాదు అడవులలో దాదాపు లక్ష ఎకరముల మేర చెంచుల కొరకు ప్రత్యేకింపబడెను. ఐతే ఆయన మాట కృష్ణ దాటి చెల్లలేదు. దోర్నాల, ఎర్రగొండపాలెము, గిద్దలూరు అడవులలోని చెంచులకు అట్టి ప్రత్యేక భూమి లభింపలేదు. తమ అడవిలో తామే అనుమతి లేనివారై నిలిచిన కాలము వారికి దీర్ఘముగా సాగెను.

మార్లవాయి బడి

చెంచుల పిమ్మట ఆయన గోదావరి గట్టుల కొండరెడ్లకడకు పోయెను. అచ్చట కలపవర్తకుల అప్పులలో చిక్కి, తరతరములు వెట్టిచేయు కుటుంబములను చూచెను. తరువాత ఆదిలాబాదు చేరెను. 1940లో జోడేఘాటువద్ద కుమురం భీము నాయకత్వమున గోండులు భూమి కొరకు, అడవి కొరకు తిరుగబడగా, నిజాము పోలీసుల కాల్పులలో భీము మరణించెను. తిరుగుబాటు అణగెను గాని దాని కారణములు అణగలేదు. ఆ కారణములను పరిశీలించు పని హైమన్‌డార్ఫ్‌నకు కలిగెను. పట్టాలు లేని గోండుల భూములు ఇతరుల చేతులలోనికి పోవుటయు, రిజర్వు అడవి ఎల్లలు ఊళ్ళను మ్రింగుటయు, చదువురానివారిని పటేలులు, వడ్డీవ్యాపారులు మోసగించుటయు ఆయన నివేదికలో వివరింపబడెను.

ఆదిలాబాదు గుట్టలలో మార్లవాయి అను చిన్న గోండుగూడెమున ఆ దంపతులు గడ్డి ఇల్లు కట్టుకొని నివసించిరి. 1943లో అచ్చట ఒక బడి మొదలయ్యెను. అది పిల్లల బడి మాత్రమే కాదు, ఉపాధ్యాయులను తయారుచేయు బడి. గోండుగూడెములకు బయటి ఉపాధ్యాయులు పోరు, పోయినను నిలువరు, నిలిచినను పిల్లల భాష వారికి రాదు. కనుక గోండు యువకులకే చదువు నేర్పి, వారినే ఉపాధ్యాయులుగా పంపుట ఉపాయమని ఆయన ఎంచెను. మొదటి పాఠములు గోండిలోనే సాగెను. నాగరి లిపిలో గోండి వాచకములు అచ్చయ్యెను. పిల్లవాడు తాను ఎరిగిన మాటను మొదట చదివి, ఆ మెట్టుపైనుండి ఇతర భాషలకు ఎక్కవలెనన్నది ఆ బడి సూత్రము. నేడు మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చి చర్చించు ఉపాధ్యాయులు, ఆ ప్రయత్నము అంత ముందుగా ఒక గడ్డికప్పు క్రింద జరిగినదని తెలిసికొనుట మంచిది. మార్లవాయిలో చదివినవారిలో ఉపాధ్యాయులైనవారు, గ్రామోద్యోగులైనవారు ఉన్నారు. తమపై వచ్చిన కాగితమును తామే చదువగలవారు ఆ గుట్టలలో పుట్టిరి.

యుద్ధకాలమున 1944లో ప్రభుత్వము ఆయనను ఈశాన్యమున సుబన్‌సిరి ప్రాంతమునకు ప్రత్యేకాధికారిగా పంపెను. అపటానీ జాతితో ఆయనకు పరిచయమైనది అప్పుడే. 1945లో హైదరాబాదునకు తిరిగివచ్చి గిరిజనుల విషయమున ప్రభుత్వమునకు సలహాదారుగాను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగాను పనిచేసెను. ఆ సంవత్సరముననే ఆయన నివేదికలు నాలుగు ఒక సంపుటముగా అచ్చయ్యెను. గిరిజన ప్రాంతముల రక్షణకై 1356 ఫసలీలో వెలువడిన శాసనమునకు ఆయన సలహాలు తోడ్పడెను. ఆదిలాబాదు గిరిజనులకు లక్షకు మించిన ఎకరములు పట్టాలుగా లభించెను. ఒకనాడు శత్రుదేశీయుడని కట్టడిలో ఉంచబడిన మనిషి, ఆ రాజ్యపు అతిదీనుల పక్షమున వకాల్తా పుచ్చుకొన్నవాడయ్యెను.

తిరిగి చూచిన కన్ను

1949లో ఆయన లండను చేరి, ఆ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో అధ్యాపకుడయ్యెను. 1951నుండి 1976వరకు అచ్చట ఆసియా మానవశాస్త్ర పీఠమును అధిష్ఠించెను. నేపాళ దేశము విదేశీయులకు తలుపులు తెరచిన పిమ్మట, 1953నుండి అచ్చట పరిశోధించి, షెర్పాలపై 1964లో గ్రంథము ప్రకటించెను. ఆయన తీసిన వేలకొలది ఛాయాచిత్రములును, చలనచిత్రములును, దినచర్య పుస్తకములును లండనులోని ఆ సంస్థలో భద్రపరుపబడియున్నవి.

ఉద్యోగవిరమణ పిమ్మట వృద్ధదంపతులు విశ్రాంతిని కోరలేదు. తాము యౌవనమున చూచిన జాతులు ఎట్లున్నవో చూడవలెనని మరల అడవులకు వచ్చిరి. ముప్పదియైదేండ్ల పిమ్మట అదే మనుష్యులను, వారి బిడ్డలను, మనుమలను చూచి పోల్చి వ్రాయగల అవకాశము పరిశోధకులలో కొందరికే దక్కును. ఆ పోలిక ఆయనకు ఆనందము కన్న వేదనయే కలిగించెను. రోడ్లు పడినచోట వర్తకులును, వలసదారులును వచ్చిరి. చట్టమున్నను గోండుల భూములు మరల చేజారెను. ఈ సంగతులను ఆయన 1982లో ప్రకటించిన భారతదేశపు గిరిజనుల జీవనపోరాట గ్రంథమున నిర్మొగమాటముగా వ్రాసెను. తాను నాటిన మొక్క ఎండుట చూచి దాచిపెట్టక చెప్పుట ఆయన సత్యనిష్ఠకు గురుతు. 1990లో ఆయన ఆత్మకథ వెలువడెను.

ఆయన భావములన్నియు నేటికిని నిలుచునని చెప్పరాదు. చెంచులు అతిప్రాచీన జీవనరీతికి మిగిలిన ఆనవాళ్ళని ఆయన తలచెను. నేటి శాస్త్రజ్ఞులు ఏ జాతిని గాని కాలము కదలని బొమ్మగా చూడరు. చెంచులును చరిత్రలో మారుచు, ఇరుగుపొరుగులతో ఇచ్చిపుచ్చుకొనుచు వచ్చినవారే. 2003లో ప్రకటితమైన జన్యుపరిశోధన యొకటి చెంచులను, కోయలను ఇతర భారతీయులతో పోల్చి, గిరిజనులును కులములవారును అతిప్రాచీనమైన ఉమ్మడి వారసత్వమును చాలవరకు పంచుకొనుచున్నారని తేల్చెను. చెంచు మనకు పరాయి కాడు, మన పూర్వికులలోని వాడే. గిరిజనులను ప్రత్యేక ప్రాంతములలో ఉంచి కాపాడుట వారిని దేశమునుండి వేరుచేయుటయే అని ఆ కాలముననే ఘుర్యే మొదలగు భారతీయ పండితులు వాదించిరి. ఆ వాదము ఇంకను తెగలేదు. ఐతే భూమియు, అక్షరమును లేని కలయిక దోపిడికి దారితీయునని హైమన్‌డార్ఫ్ చూపిన సాక్ష్యమును కాదనుట కష్టము.

1987లో బెట్టీ హైదరాబాదులో కన్నుమూసెను. ఆమె కోరికమేరకు ఆమె దేహమును మార్లవాయిలో ఖననము చేసిరి. 1995 జూన్ 11వ తేదీన హైమన్‌డార్ఫ్ లండనులో మరణించెను. మార్లవాయిలో నేడు ఇరువురి స్మారకములును ప్రక్కప్రక్కన ఉన్నవి. ఏటేట జనవరి మాసమున గోండులు అచ్చట చేరి తమ ఆచారమున వారికి నివాళులర్పింతురు. పండితునకు విశ్వవిద్యాలయములు ఇచ్చు బిరుదులకన్న, తాను గ్రంథముగా వ్రాసిన జనము తనను తమ పెద్దలలో ఒకనిగా ఎంచుట గొప్ప సన్మానము.

నల్లమలలో ఆయన పని సగము మిగిలెను. చెంచులపై ఆయన వ్రాసినది మహాగ్రంథమే. కాని మార్లవాయివంటి బడిని ఆయన చెంచుపెంటలలో నిలుపలేదు. ఆ లోటును తీర్చుట తరువాతివారి వంతయ్యెను. శ్రీశైలము కేంద్రముగా చెంచుల కొరకు గిరిజనాభివృద్ధి సంస్థ ఏర్పడెను. ఆశ్రమపాఠశాలలు వచ్చెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము, అడవి తమదని కాగితము లేకయే చెప్పుకొన్న మనుష్యుల హక్కును దేశమంతట కాగితముపై అంగీకరించెను. పెద్దపులుల అభయారణ్యమునకును, పాలుట్లవంటి చెంచుగూడెములకును మధ్య న్యాయముగా పొత్తు కుదుర్చు పని నేటి తరముపై ఉన్నది.

మార్కాపురము పలకలకు ప్రసిద్ధము. ఆ ఊరి చుట్టునున్న గనులలో త్రవ్విన రాతిపై తరతరముల బాలురు దేశమంతట ఓనమాలు దిద్దిరి. ఆ గనులకు కూతవేటు దూరమున మొదలగు అడవిలోని బిడ్డ చేతికి మాత్రము ఆ పలక చాల ఆలస్యముగా అందెను. తమ జాతిని గూర్చి వియన్నా పండితుడు వ్రాసిన గ్రంథమును చెంచుగూడెపు బాలిక ఒకనాడు తానే చదివి, ఇది సరి, ఇది కాదు అని దిద్దునప్పుడు హైమన్‌డార్ఫ్ ఆరంభించిన పని నిజముగా ముగియును. ఆ బాలికచేత మొదటి అక్షరము దిద్దించు ఉపాధ్యాయుడు, తెలిసియో తెలియకయో, ఆ గ్రంథమునకు చివరి అధ్యాయమును వ్రాయుచున్నవాడే.